ఎక్కని కాటా

విమానాల కంపెనీలో ఉద్యోగం అనేసరికి మా చుట్టాలందరూ నేను మేఘాల్లో తిరుగుతున్నాననుకున్నారు. రెండేళ్ళ పైన చేశాను. ఒక్కసారి కూడా ఎక్కలేదు. జనం తలెత్తి విమానాన్ని చూసేవారు, నేను తల దించుకుని జనం కాళ్ళు చూసేదాన్ని. నా పని అది. ఎక్కేవాళ్ళ బరువు రాయడం.

అంతకుముందు కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కాటా దగ్గర ఉండేదాన్ని. ఇరవై రెండేళ్ళు. జీడిపిక్కల బస్తాలు లోపలికొచ్చేటప్పుడు తూకం, పప్పు డబ్బాలు బయటికెళ్ళేటప్పుడు తూకం. బస్తా మూల పట్టుకుని కొంచెం ఎత్తితే చాలు, ఎంతుందో చెప్పేసేదాన్ని. తర్వాత కాటా మీద పెడితే పావుకేజీ అటో ఇటో. లారీ డ్రైవర్లు దానిమీద టీలు పందెం కాసేవారు. ఈ గొప్ప ఇప్పుడెందుకు చెప్పుకుంటున్నానంటే, ఆ గొప్పే నా కొంప ముంచింది కాబట్టి.

కంపెనీ పెట్టినాయన మా వైపు మనిషే. టెక్కలి అవతల ఊరు. ఎక్కడెక్కడో ఇరవై ఏళ్ళు విమానాలు నడిపి, ఇక చాలనుకుని వచ్చి, మూలపేట రోడ్డులో ఎవరో వేసి వదిలేసిన చిన్న రన్‌వే ఒకటి అద్దెకు తీసుకున్నాడు. ఎనిమిది మంది పట్టే విమానం తెచ్చాడు. ఓనరూ ఆయనే, నడిపేదీ ఆయనే. అందరం కెప్టెన్ గారనేవాళ్ళం. సోమ, బుధ, శుక్రవారాలు హైదరాబాదు సర్వీసు. టికెట్ కొనుక్కున్న ఎవరైనా ఎక్కొచ్చు. మిగతా రోజుల్లో అడిగినవాళ్ళకి విమానం మొత్తం చార్టరుకి ఇచ్చేవారు. పోర్టు కంపెనీవాళ్ళు, కంట్రాక్టర్లు, ఎలక్షన్లప్పుడు నాయకులు. ఒక నాయకుడు తన ఊరి మీద రెండు చుట్లు తిప్పమన్నాడు, వాళ్ళమ్మ మేడ మీద నిలబడి చూస్తాదని. తిప్పారు. ఆవిడ ఆ టైముకి నిద్రపోయిందట.

నేను రోజూ పలాసలో పాసింజరెక్కి నౌపడలో దిగి, ఉప్పుమళ్ళ పక్కనుంచి ఆటోలో వెళ్ళేదాన్ని. వెళ్ళగానే మొదటి పని రన్‌వే మీద మేకలుంటే తోలడం. రెండోది ఫ్యాను తిరుగుతోందో లేదో చూడడం. మూడోది కాటా. చిన్న విమానం కదా, పెద్దవాటిలాగా తలకింతని లెక్కేసుకుంటే కుదరదు. ప్రతి మనిషీ సామానుతో సహా కాటా ఎక్కాలి. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు వెనక కూర్చోవాలన్నది కూడా బరువును బట్టే. ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి ఇస్తే కెప్టెన్ గారు సంతకం పెట్టి ఎక్కేవాడు. నాకు ఉద్యోగం ఇచ్చిందే కాటా మనిషినని.

కాటా కొత్తది. అంకెలు ఎర్రగా, అరచెయ్యంత. హాలు ఆ చివర కూర్చున్నవాడికి కూడా కనిపిస్తాయి. ఎక్కడో పట్నంలో కొన్నప్పుడు అది సుఖమనుకున్నారు కాబోలు. మా ఉద్దానంలో మనిషి కాటా ఎక్కడమంటే ఏటో వాళ్ళకేం తెలుసు.

మా వైపు మనిషి కాటా ఎక్కేది ఒక్కచోటే, డయాలసిస్ సెంటర్లో. మిషన్ మీద పెట్టేముందు ఒకసారి, తీశాక ఒకసారి. ఒంట్లోంచి ఎన్ని కేజీల నీరు తీశారో దాన్నిబట్టి తెలుస్తుంది. కవిటిలో, సోంపేటలో, కంచిలిలో ఏ వీధికెళ్ళినా కిడ్నీలు పోయినవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. నలుగురి ముందు కాటా ఎక్కితే సాయంత్రానికల్లా "ఆడికీ వచ్చీసిందట" అని ఊరంతా అనుకుంటాది. కూతురి సంబంధం తప్పిపోద్ది, కొడుక్కి పిల్లనివ్వరు. అందుకే మా దగ్గర రోగం ఉన్నవాళ్ళ కంటే లేనివాళ్ళకే కాటా అంటే భయం.

మొదటి వారంలోనే ఒక టీచరమ్మ కాటాకేసి చూసి, హాల్లో తన ఊరివాళ్ళు ఇద్దరు కూర్చున్నారని చూసి, టికెట్ వదులుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది. సామానులో తెచ్చిన పనసకాయల్ని మాత్రం నవ్వుకుంటూ కాటా మీద పెట్టేవారు. "ఇదుగోనమ్మా, దీన్ని తూసుకో, నన్నొగ్గెయ్" అనేవారు. రోజూ ఈ బతిమాలుకోళ్ళే. నాకు జాలేసింది. జాలి అనే చెప్పుకున్నాను అప్పట్లో. ఒకరోజు ఇంటినుంచి పాత దుప్పటి తెచ్చి కాటా మీద కప్పేశాను. మనుషుల్ని కళ్ళతోనే తూచడం మొదలెట్టాను.

బస్తాని చెప్పగలిగినదాన్ని మనిషిని చెప్పలేనా అనుకున్నాను. చెప్పులు ఏ పక్క అరిగాయి, మెట్టెక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేస్తున్నారా లేదా, కుర్చీ ఎంత కిర్రుమంది, ఇవన్నీ చూసి రాసేసేదాన్ని. ఆడవాళ్ళకి రెండు కేజీలు తగ్గించేదాన్ని, మర్యాదకి. పిక్కల బస్తాకి గోనె తరుగు తీసినట్టు వీళ్ళకి చీర తరుగు అన్నమాట. కాగితం మీద అంకెలు పక్కాగా ఉండేవి, డెబ్భై ఒకటి నాలుగువందలు, యాభై ఎనిమిది రెండువందలు అని. ఉత్త అంకె వేస్తే అనుమానం వస్తుందని ఆ వందల గ్రాములు కూడా నేనే వేసేదాన్ని. "ఆయమ్మ కాటా ఎక్కించదు" అని పేరొచ్చింది. కెప్టెన్ గారికి చెప్పలేదు. ఆయనా అడగలేదు.

ఇక మా తమ్ముడు. నాకంటే పదేళ్ళు చిన్న. అమ్మానాన్న లేరు. నా మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. వాడికి నేను, నాకు వాడు, అంతే. నన్ను అప్పా అంటాడు, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. కవిటి దగ్గర కొబ్బరితోట చూసుకునేవాడు. వాడికి సంబంధం ఖాయమై ముహూర్తం పెట్టాక కిడ్నీలు పోయాయని బయటపడింది. సంబంధం పోయింది. అప్పట్నుంచి ఆరేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. రోజుకి రెండు గ్లాసులే నీళ్ళు. కొబ్బరితోటలో పుట్టి పెరిగినవాడు బొండం ముట్టుకోకూడదు.

నా కిడ్నీ ఇస్తానన్నాను. నోటితో అన్నాను. టెస్టులకి మాత్రం వెళ్ళలేదు. ఈ నెల కాదు, పై నెల అన్నాను. పండగెళ్ళాక అన్నాను. మీకు నిజం చెప్పేస్తే పోయె, టెస్టు చేయిస్తే నాలో ఏం బయటపడుతుందోనని భయం. వాడు ఒక్కసారి కూడా గుర్తుచెయ్యలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో వాడి పేరు రాయించాం. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కిడ్నీ దొరికితే ఫోన్ చేస్తారు. చెప్పిన టైముకి అక్కడుండాలి, లేకపోతే తర్వాత పేరుకి ఇచ్చేస్తారు. పలాస నుంచి రైల్లో అయితే రాత్రంతా పడుతుంది. అందుకే మా దగ్గర విమానం పెడుతున్నారని తెలియగానే ఇది మా వాడి కోసమే వచ్చిందనిపించింది. జీడిపప్పు కాటా వదిలేసి ఇటొచ్చింది జీతానికి ఒక్కదానికే కాదు.

ఆ ఫోన్ మే నెలలో ఒక బుధవారం పొద్దున్న ఏడింటికి వచ్చింది. మధ్యాహ్నం మూడింటికల్లా వచ్చెయ్యమన్నారు. బుధవారం మాకు సర్వీసు రోజు. పదకొండుకి బయల్దేరితే ఒంటిగంటన్నరకి హైదరాబాదు. రెండు సీట్లు ఖాళీ ఉన్నాయి. దేవుడు ఇన్నాళ్ళకి మా మొహం చూశాడనుకున్నాను. ఆ రెండు సీట్లూ మా ఇద్దరి పేరున రాసేశాను.

వాడు కవిటి నుంచి అద్దె కారులో వచ్చాడు. మర్నాడు డయాలసిస్ ఉంది, అందుకని మొహం ఉబ్బి ఉంది. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తడి తువ్వాలు మెడకి చుట్టుకున్నాడు.

"అప్పా, ఈ కిడ్నీ పడితే ఇంక నీళ్ళు కొలుసుకోనక్కర్లేదు కదేటి?"

"అక్కర్లేదు. కుండడు తాగు."

"కుండడు వద్దులే. ఒక బొండం తాగుతాను."

అప్పుడొచ్చాడు కెప్టెన్ గారు. తిన్నగా కాటా దగ్గరికెళ్ళి దుప్పటి తీసేశాడు. దుమ్ము లేచింది.

"సోమవారం విమానం లేవడానికి రన్‌వే చివరిదాకా తీసుకుందమ్మా. చక్రాలకి కొబ్బరిమట్టలు తగుల్తాయనుకున్నాను. ఆ రోజు కాగితం దేనితో తూచి రాశారు?"

నేను బల్ల మీద కాగితాలు సర్దాను.

"దేనితోనమ్మా?"

"కళ్ళతో సార్."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దుప్పటి మడతపెట్టి నా బల్ల మీద పెట్టి, "ఇవాళ అందర్నీ కాటా ఎక్కించండి. లేకపోతే నేను విమానం తియ్యను" అన్నాడు. ఎనిమిది మంది ప్రాణాలు ఇన్నాళ్ళూ నా కంటిచూపు మీద వేలాడాయన్న మాట అప్పటికి గానీ నాకు తట్టలేదు. బస్తా మూల పట్టి ఎత్తి చూడొచ్చు. మనిషిని ఎత్తి చూడలేం కదా. అంత చిన్న సంగతి నాకు తెలీకపోయిందా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

మేమిద్దరం కాక ఆ రోజు ఎక్కేవాళ్ళు ఆరుగురు. పోర్టు ఇంజనీర్లు ఇద్దరు. పలాస జీడిపప్పు షావుకారు ఒకాయన, ఆయన భార్య, కొడుకు, బావమరిది. ఇంజనీర్లు ఇద్దరూ బయటి ఊళ్ళవాళ్ళు, వాళ్ళకి ఈ గొడవేం తెలీదు, నవ్వుకుంటూ ఎక్కి దిగిపోయారు. షావుకారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఏటమ్మా, ఇవాళ కొత్తగా సేత్తన్నావు? నువ్వు కాటా ఎక్కించవనే కదా ఇటొచ్చాం."

"రూలు బాబూ. ఇన్నాళ్ళూ నాదే తప్పు."

"మావోడికి పిల్లని సూడ్డానికి ఎల్తన్నాం. ఇంతమందిలో కాటా ఎక్కించేవనుకో, ఎవలో ఒకలు ఆల సెవిన వెయ్యరేటి? నీ కళ్ళు ఇన్నాళ్ళూ సాలినాయి, ఈరోజు సాల్లేదా?"

కెప్టెన్ గారు చెప్పాడు, ఎండ ముదిరేకొద్దీ విమానం తక్కువ బరువే లేపుతుందని. షావుకారు వినలేదు. బావమరిది డబ్బు వెనక్కిమ్మన్నాడు. షావుకారు భార్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పదకొండు దాటింది. పదకొండుంపావు. నేను గోడ గడియారమే చూస్తున్నాను. వాళ్ళని ఏమనను? ఇది నేను అలవాటు చేసిన పద్ధతే. మా తమ్ముడి కిడ్నీ ఐసుపెట్టెలో ఉంది, నేనేమో షావుకారు గడ్డం పట్టుకుని బతిమాలుతున్నాను.

ఎప్పుడు లేచాడో గానీ మా తమ్ముడు కాటా దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఎడమచెయ్యి మీద డయాలసిస్ సూదులు గుచ్చే నరం లావుగా ఉబ్బి ఉంటుంది వాడికి, ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కాలో దాచుకుంటాడు. ఆ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎక్కి, అంకె పైకే చదివాడు.

"అరవై మూడు ఆరువందలు. అందులో మూడు కేజీలు నీళ్ళు, నావి కావు." షావుకారు కొడుకుకేసి తిరిగి, "రా తమ్ముడూ. రోగం ఉన్నోడిని నేను. నువ్వు వట్టినే ఎక్కి దిగిపోతావు, అంతే" అన్నాడు.

ఆ అబ్బాయి తండ్రికేసి చూడకుండా లేచి ఎక్కాడు. తర్వాత బావమరిది. తర్వాత షావుకారు, పళ్ళు కొరుక్కుంటూ. చివరికి ఆవిడ. నేను కళ్ళతో వేసుకున్న లెక్కకీ కాటా చూపించినదానికీ మొత్తమ్మీద అరబస్తా, అంటే నలభై కేజీల తేడా. కెప్టెన్ గారు లెక్క కట్టి చూసి బరువు తగ్గాలన్నాడు. షావుకారు జీడిపప్పు డబ్బాలు, పనసకాయలు అన్నీ దింపేశాడు. అప్పుడు కెప్టెన్ గారు నాకేసి తిరిగాడు.

"ఇంకా డెబ్భై కేజీల దాకా చోటుందమ్మా. మీరూ ఎక్కి చూడండి. డెబ్భై లోపలుంటే వచ్చెయ్యండి."

నేను ఎక్కలేదు.

"వద్దు సార్. నేను ఉండిపోతాను. ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది కదా" అన్నాను. షావుకారు భార్య నా చెయ్యి పట్టుకుని నొక్కింది, తమ్ముడి కోసం ఎంత చేస్తున్నావమ్మా అన్నట్టు. నేనూ అలాగే మొహం పెట్టాను. తమ్ముడు కాసేపు నా కాళ్ళకేసి చూశాడు. దండం పెట్టడానికి వంగబోతున్నాడనుకుని, "వద్దులేరా, టైమవుతోంది, ఎక్కు" అని భుజం తట్టాను. వాడు వంగలేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

విమానం పదకొండున్నర దాటాక లేచింది. సగం రన్‌వేలోనే చక్కగా లేచింది. అది కొబ్బరిచెట్ల మీదనుంచి కనపడకుండా పోయేదాకా ఎండలో నిలబడ్డాను. హాల్లో పనసపండు వాసన, ఎర్ర అంకె సున్నా దగ్గర వెలుగుతూ కాటా, బల్ల మీద దుప్పటి. మళ్ళీ కప్పలేదు. స్విచ్చి మాత్రం కట్టేశాను.

మూడుకి పది నిమిషాలుందనగా ఆసుపత్రికి చేరాడు. చేరాడు, అదే మరి. టైముకే చేరాడు. "మీతో ఎవరొచ్చారు?" అని అడిగారట. ఎవరూ రాలేదన్నాడు. ఆపరేషన్ కాగితాల మీద అయినవాళ్ళు సంతకం పెట్టాలి, లోపలున్నంతసేపూ బయట మనిషుండాలి. నాకు ఫోన్ చేశారు. ఒప్పుకుంటున్నానమ్మా, వచ్చేస్తానమ్మా, ఎక్కడ చెబితే అక్కడ పెడతానమ్మా అని ఫోన్‌లోనే ఏడ్చాను. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, మనిషి ఇక్కడ ఉండాలండీ అని. ఇలాంటప్పుడు ఇద్దర్ని పిలుస్తారట. రెండో ఆయన భార్యతోనూ అన్నతోనూ వచ్చి కూర్చుని ఉన్నాడు. ఇంకో గంట ఆగారు మా కోసం. అంతకంటే ఆగలేరు. వాళ్ళ తప్పేం లేదు.

తమ్ముడికి అక్కడే డయాలసిస్ చేసి పంపించారు. రైల్లో వచ్చాడు. పలాస స్టేషన్లో దించుకోవడానికి వెళ్ళాను. బెంచీ మీద కూర్చుని సంచీ పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "ఆయనకి పెట్టారప్పా. ఇద్దరు పిల్లలంట. పెట్టగానే ఒంటేలు వచ్చిందని ఆల ఆవిడ గోడ పట్టుకుని ఏడిసింది." ఆరేళ్ళుగా ఒంటేలు రాని మనిషి ఆ మాట ఎంత సంతోషంగా చెప్పాడో. నువ్వుంటే బాగుణ్ణు అనలేదు. ఎందుకు రాలేదనీ అడగలేదు. టీ తెమ్మంటావా అంటే అరకప్పు చాలన్నాడు.

తర్వాత నేను అందర్నీ కాటా ఎక్కించాను. బతిమాలాను, దెబ్బలాడాను. జనం తగ్గారు. కాటా వల్లే తగ్గారనను. వానాకాలంలో సర్వీసులు రద్దయ్యాయి, పోర్టువాళ్ళు కార్లలోనే వైజాగ్ వెళ్ళి అక్కడ ఎక్కడం మొదలెట్టారు. విమానం పడలేదు, ఎవరికీ ఏం కాలేదు. మెల్లగా ఆగిపోయింది. ఒకరోజు కెప్టెన్ గారు విమానాన్ని అద్దెకిచ్చినవాళ్ళకి అప్పగించేసి వచ్చి, హాలుకి తాళం వేశాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. ఎన్ని కేజీలన్నది చెప్పను, ఆ అలవాటు మానుకున్నాను. కుర్చీలు ఎవరికో ఇచ్చాడు. కాటాని మా తమ్ముడు వెళ్ళే డయాలసిస్ సెంటరుకి ఇచ్చాడు, వాళ్ళది పాడైపోయిందని. "అక్కడైతే ఎవరూ సిగ్గుపడరు కదమ్మా" అన్నాడు.

ఇప్పుడు నాకు వేరే పని లేదు. వారానికి మూడుసార్లు వాడితో వెళ్ళి కూర్చుంటాను. మొన్న ఒక పొద్దున్న వాడు కాటా ఎక్కి దిగాడు. సిస్టరమ్మ రాసుకుని లోపలికెళ్ళింది. మంచం ఖాళీ అయ్యేదాకా ఆగాలి. వాడు నా పక్కన కూర్చోకుండా అక్కడే నిలబడ్డాడు.

"అప్పా, ఓపాలి ఎక్కు."

"నాకెందుకురా? నా బరువు నాకు తెలుసు."

"సెప్పులు విప్పు."

ఏటో, ఆ గొంతుకి ఎదురు చెప్పలేకపోయాను. విప్పాను. చెప్పుల పట్టీలున్నచోట, నీరు పట్టిన పాదాల మీద గుంటలు పడి ఉన్నాయి. వాడు వంగి వేలితో నొక్కాడు. వేలు తీశాక కూడా ఆ నొక్కు అలాగే ఉండిపోయింది.

"ఆ రోజు కూడా ఇలగే ఉన్నాయి" అన్నాడు.

"నీకు తెలుసేటి?"

"నాకు తెలీదేటి. ఆరేళ్ళ బట్టి సూత్తన్నాను ఈ కాళ్ళు. మొదట నావి, ఆనక నీవి."

"మరి అడగలేదేంరా?"

"నువ్వే సెప్తావని సూసేను."

ఆ రోజు ఎక్కి ఉంటే నేను విమానంలో ఉండేదాన్ని. నేనుంటే సంతకం ఉండేది. సంతకం ఉంటే వాడు ఈపాటికి బొండం తాగుతూ ఉండేవాడు. నేను దాచుకున్నాననుకున్న ఈ వాపు వాడికి ముందే తెలుసు. తెలిసీ ఒక్కడే ఎక్కి వెళ్ళాడు. నాలాంటి మనిషికి ఇంకేం శిక్ష వెయ్యాలి.

వాడు చెయ్యిచ్చాడు. ఎక్కాను. ఆ ఎర్ర అంకెలు మా హాల్లో ఎంత దూరానికి కనిపించేవో, ఇక్కడా అలాగే కనిపిస్తాయి. వరసగా కూర్చున్నవాళ్ళందరూ చూశారు. నేనే చూడలేదు. వాడు చదివాడు, ఆ రోజు తనది చదివినట్టే, పైకి, నెమ్మదిగా. చదివి, లోపలికి వినపడేలా సిస్టరమ్మని పిలిచాడు.

"అమ్మా, మా అప్పకి కూడా ఒక రక్తం టెస్టు రాయండి."